కన్నీళ్లతో క్యాన్సర్ ముదరదు

క్యాన్సర్ ఆసుపత్రుల్లో డాక్టరు గది బయట తరచూ కనిపించే దృశ్యం ఇది. బయాప్సీ రిపోర్టు వచ్చింది. భర్తో, కొడుకో, అన్నయ్యో ముందుగా లోపలికి వెళ్లి డాక్టరుతో గొంతు తగ్గించి అంటారు: "ఆమెకు మాత్రం చెప్పకండి సార్, తట్టుకోలేదు." బయట బెంచీ మీద కూర్చున్న ఆమెకు అప్పటికే సంగతి చాలావరకు అర్థమై ఉంటుంది. ఆసుపత్రి బోర్డు చదివింది, చుట్టూ కూర్చున్నవారిని చూసింది, ఇంట్లోవాళ్లు రెండు రోజులుగా తన కళ్లలోకి చూడటం లేదని గమనించింది. ఇంటికి చేరాక ఇంకో మాట మొదలవుతుంది: "ఏడవకు. ఏడిస్తే జబ్బు ముదురుతుంది. ధైర్యంగా ఉంటేనే తగ్గుతుంది."

ఈ రెండు మాటలూ ప్రేమతో వచ్చేవే. కానీ మొదటి మాట వల్ల ఆమె తన భయాన్ని ఎవరితోనూ పంచుకోలేని స్థితిలో పడుతుంది. రెండో మాట వల్ల జబ్బు భారానికి తోడు ధైర్యం నటించే భారం కూడా మోయాల్సి వస్తుంది. ఒక రాత్రి నిద్రపట్టక ఏడ్చినందుకు తన చికిత్సను తానే పాడుచేసుకుంటున్నానేమో అని మరింత కుమిలిపోతుంది.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1.92 లక్షల మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ నిర్ధారణ అయింది. దాదాపు 98 వేల మంది ఈ వ్యాధితో మరణించారు. భారతీయ మహిళల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇక్కడ ఇది సగటున పదేళ్ల ముందే బయటపడుతోంది. అంటే పిల్లల చదువులు, పెళ్లిళ్లు, అత్తమామల ఆలనాపాలనా అన్నీ నెత్తిన ఉన్న వయసులో ఈ వార్త వినాల్సి వస్తోంది. అందుకే శరీరానికి చేసే చికిత్సతో పాటు మనసు సంగతి కూడా పట్టించుకోవాల్సిన అవసరం ఉంది. దీనిపై గత నలభై యాభై ఏళ్లలో వైద్యశాస్త్రం తెలుసుకున్న విషయాలు ఇంట్లో వినిపించే సలహాలకు చాలా చోట్ల భిన్నంగా ఉన్నాయి.

ధైర్యానికీ ఆయుష్షుకూ సంబంధం ఉందా?

"పోరాడే తత్వం ఉన్నవారే క్యాన్సర్‌ను జయిస్తారు" అన్న నమ్మకానికి ఒకప్పుడు పరిశోధన మద్దతు కూడా దొరికింది. లండన్‌కు చెందిన మానసిక వైద్యుడు స్టీవెన్ గ్రీర్, ఆయన సహచరులు 1979లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ జరిగిన 69 మంది మహిళలను ఐదేళ్లు గమనించారు. పోరాట పటిమ చూపినవారూ, అసలు జబ్బునే పట్టించుకోనివారూ, నిస్సహాయంగా కుంగిపోయినవారి కంటే మెరుగ్గా ఉన్నారని అందులో తేలింది. ఈ మాట ప్రపంచమంతా పాకింది. రోగి మనసు గట్టిదైతే చాలన్న అభిప్రాయం బలపడింది.

అయితే 69 మంది మీద చేసిన చిన్న అధ్యయనంతో విషయం తేల్చలేం. 1999లో అదే లాన్సెట్‌లో మ్యాగీ వాట్సన్ నాయకత్వంలో 578 మంది మహిళలపై జరిగిన పెద్ద అధ్యయనం వెలువడింది. ఆ బృందంలో గ్రీర్ కూడా ఉన్నారు. తొలి దశ రొమ్ము క్యాన్సర్ ఉన్న ఈ మహిళల్లో పోరాట పటిమ ఎక్కువగా ఉండటం వల్ల ఆయుష్షు పెరిగినట్లు ఏమీ కనిపించలేదు. తీవ్రమైన నిస్సహాయత, కుంగుబాటు ఉన్నవారిలో మాత్రం ఫలితాలు కొంత తగ్గినట్లు కనిపించింది. దీన్నిబట్టి కుంగుబాటును గుర్తించి వైద్యం చేయించాలని చెప్పవచ్చు. నవ్వు ముఖం పెట్టుకుని తిరగాలని మాత్రం దీని అర్థం కాదు.

మానసిక మద్దతు వల్ల ఆయుష్షు పెరుగుతుందా అన్న ప్రశ్నకూ ఇలాంటి చరిత్రే ఉంది. 1989లో అమెరికా మానసిక వైద్యుడు డేవిడ్ స్పీగెల్, ఇతర అవయవాలకు పాకిన రొమ్ము క్యాన్సర్‌తో ఉన్న 86 మంది మహిళలపై చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. వారం వారం కలిసి మాట్లాడుకున్న బృందంలోని మహిళలు మిగిలినవారి కంటే సగటున ఏడాదిన్నర ఎక్కువ కాలం జీవించారు. ఆ ఫలితం నిలుస్తుందో లేదో చూడటానికి కెనడాలో 235 మందిపై ఇంకా పెద్ద ప్రయోగం జరిగింది. 2001లో వచ్చిన దాని ఫలితాల్లో ఆయుష్షులో తేడా లేదు. 2007లో స్పీగెల్ బృందమే తమ ప్రయోగాన్ని తిరిగి చేసినప్పుడు కూడా మొత్తం మీద ఆయుష్షు పెరగలేదు. కానీ కెనడా అధ్యయనంలో ఒక ముఖ్యమైన ప్రయోజనం కనిపించింది. బృందంలో పాల్గొన్నవారికి మానసిక బాధ, నొప్పి తగ్గాయి. మొదట ఎక్కువ బాధలో ఉన్నవారికి మేలు కూడా ఎక్కువగా జరిగింది.

ఈ అధ్యయనాల సారాంశం ఒక్కటే. ఏడుపు వల్ల కణితి పెరగదు, ధైర్యం వల్ల కరగదు. దాన్ని తగ్గించేవి ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్, హార్మోన్ మందులు, కొన్ని రకాలకు ప్రత్యేకంగా వాడే ఇంజెక్షన్లు. అయినా మనసు బాధకు చికిత్స అవసరమే. ఎందుకంటే ఆ బాధ కూడా నిజమైన బాధ. నొప్పికి మందు ఇచ్చేటప్పుడు దానివల్ల ఆయుష్షు ఎంత పెరుగుతుందని ఎవరూ లెక్కలు వేయరు కదా.

"నాకే ఎందుకు?"

రిపోర్టు చేతికి వచ్చాక చాలామందికి మొదట వచ్చే ప్రశ్న ఇది. జవాబులు చెప్పేవారికి మన ఇళ్లలో కొదవ ఉండదు. పూర్వజన్మ పాపం అంటారు, దిష్టి అంటారు, బిడ్డకు సరిగా పాలు పట్టలేదంటారు, ఎప్పుడూ మనసులో ఏదో పెట్టుకుని బాధపడుతుంది కాబట్టే వచ్చిందంటారు. పిల్లలకు పాలివ్వడం వల్ల రొమ్ము క్యాన్సర్ ముప్పు కొంత తగ్గుతుందన్నది నిజమే. కానీ ఏళ్ల తరబడి పాలిచ్చిన తల్లులకూ ఈ వ్యాధి వస్తుంది. ఒక వ్యక్తికి ఫలానా కారణం వల్లే క్యాన్సర్ వచ్చిందని వేలెత్తి చూపడం చాలా సందర్భాల్లో వైద్యులకు కూడా సాధ్యం కాదు.

బాధలు, ఒత్తిళ్ల వల్లే రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న వాదనను కూడా శాస్త్రవేత్తలు పరీక్షించారు. బ్రిటన్‌లో లక్షకు పైగా మహిళలపై జరిగిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. జీవితంలోని ఒత్తిళ్లకూ, కష్టమైన సంఘటనలకూ, రొమ్ము క్యాన్సర్‌కూ మధ్య స్థిరమైన సంబంధం అందులో కనబడలేదు.

ఇంకో రెండు అపోహలు ఇంట్లో మనుషుల్ని దూరం చేస్తాయి. మొదటిది అంటుకుంటుందన్న భయం. రొమ్ము క్యాన్సర్ అంటువ్యాధి కాదు. కంచం, మంచం వేరు చేయాల్సిన అవసరం లేదు. మనవడిని ఎత్తుకోవడం, పక్కన పడుకోవడం వల్ల ఎవరికీ అంటదు. రెండోది, కూతుళ్లకు తప్పకుండా వస్తుందన్న భయం. సంబంధాలు తప్పిపోతాయని జబ్బును బంధువుల దగ్గర దాచే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తల్లిదండ్రుల నుంచి సంక్రమించే జన్యుమార్పుల వల్ల వచ్చే రొమ్ము క్యాన్సర్లు మొత్తంలో 5 నుంచి 10 శాతం మాత్రమే. చిన్న వయసులో వచ్చినా, కుటుంబంలో ఒకరి కంటే ఎక్కువ మందికి వచ్చినా జన్యు పరీక్ష గురించి డాక్టరును అడగవచ్చు. దాచిపెట్టడం వల్ల మాత్రం కూతురికి ముందుజాగ్రత్త తీసుకునే అవకాశమే పోతుంది.

బాధకు ఒక కొలత

క్యాన్సర్ రోగుల మనసు గురించి వైద్యులు అడగడం అనే పద్ధతికి ఒక రూపం ఇచ్చినవారు అమెరికా మానసిక వైద్యురాలు జిమ్మీ హాలండ్. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ క్యాన్సర్ కేంద్రంలో 1977లో ఆమె మానసిక వైద్య విభాగాన్ని ప్రారంభించారు. అంతకు ముందు కాలంలో చాలామంది రోగులకు తమ జబ్బు పేరు కూడా చెప్పేవారు కాదు. ఎప్పుడూ సానుకూలంగానే ఆలోచించాలంటూ రోగులపై పడే ఒత్తిడిని ఆమె గట్టిగా విమర్శించారు. 2017లో మరణించే వరకు ఈ రంగంలోనే పనిచేశారు.

"మీకు డిప్రెషన్ ఉందా?" అని అడిగితే ఎవరైనా "లేదు" అనే అంటారు. మానసిక రోగం అన్న ముద్రంటే అంత భయం. అందుకే హాలండ్, ఆమె సహచరులు తేలిక మాట ఎంచుకున్నారు. జ్వరం చూసే థర్మామీటరు బొమ్మ ఒకటి గీసి, దాని మీద 0 నుంచి 10 వరకు అంకెలు వేశారు. "గడచిన వారంలో మీరు ఎంత బాధలో ఉన్నారో ఒక అంకె మీద గుర్తు పెట్టండి" అని అడుగుతారు. అంకె 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఇంకాస్త వివరంగా మాట్లాడాలి. పక్కనే కారణాల జాబితా ఉంటుంది: డబ్బు, ప్రయాణం, పిల్లలు, నిద్ర, నొప్పి, భయం. ఈ కొలత ఇప్పుడు ఎన్నో దేశాల్లో వాడుకలో ఉంది. ఇంట్లోనూ ఇది పనికొస్తుంది. "ఎలా ఉన్నావు?" అంటే "బాగానే ఉన్నా" అనే జవాబే వస్తుంది. "ఈ రోజు పదికి ఎంత?" అని అడిగితే "ఏడు" అని చెప్పడం కొంత తేలిక.

ఆసుపత్రుల్లో చికిత్స పొందుతున్న క్యాన్సర్ రోగులపై 14 దేశాల్లో జరిగిన 70 అధ్యయనాలను 2011లో ఒకచోట చేర్చి పరిశీలించారు. దాదాపు ఆరుగురిలో ఒకరికి వైద్యం అవసరమైన స్థాయిలో కుంగుబాటు ఉన్నట్లు తేలింది. అంటే ఎక్కువమంది బాధపడినా క్రమంగా తేరుకుంటారు. కొందరికి మాత్రం తప్పకుండా వైద్య సహాయం కావాలి.

ఈ తేడాను గుర్తించడం ఎలా? దుఃఖం అలల్లా వచ్చి పోతుంది. మధ్యలో మనవరాలి మాటలకు నవ్వు వస్తుంది, టీవీలో ఇష్టమైన పాట వస్తే వినాలనిపిస్తుంది. కుంగుబాటులో ఆ మధ్య విరామాలు ఉండవు. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు నిరాశగా ఉండటం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, తాను అందరికీ భారమని అనుకోవడం, చికిత్స ఎందుకని ఆగిపోవాలనుకోవడం, బతకాలని లేదని అనడం దీని లక్షణాలు. ఆకలి, నిద్ర తగ్గడం, నీరసం కీమో వల్ల కూడా వస్తాయి కాబట్టి వాటి ఒక్కదాని ఆధారంగా నిర్ణయించలేరు. బతకాలని లేదన్న మాట వినిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పాలి.

కుంగుబాటును పట్టించుకోకపోతే అసలు చికిత్సకే దెబ్బ తగులుతుంది. వివిధ జబ్బులున్న రోగులపై జరిగిన అధ్యయనాలను 2000లో కలిపి చూసినప్పుడు, కుంగుబాటు ఉన్నవారు డాక్టరు చెప్పినట్లు మందులు వాడకపోవడం మిగిలినవారి కంటే మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. తేదీ ప్రకారం కీమోకు రావడం, ఐదేళ్లో పదేళ్లో రోజూ మాత్ర వేసుకోవడం అవసరమయ్యే రొమ్ము క్యాన్సర్‌లో ఇది చిన్న విషయం కాదు.

చెప్పాలా, దాచాలా?

చెడు వార్తను రోగికి ఎలా చెప్పాలో వైద్యులకు నేర్పే ఆరు మెట్ల పద్ధతి ఒకటి 2000 నుంచి ప్రచారంలో ఉంది. అందులో ముఖ్యమైన మెట్టు, చెప్పే ముందు రోగినే అడగడం: "మీ జబ్బు గురించి మీకు ఎంతవరకు తెలుసు? వివరాలన్నీ మీకే చెప్పమంటారా, ఇంట్లో ఇంకెవరితోనైనా మాట్లాడమంటారా?" కొందరు అంతా తెలుసుకోవాలంటారు. కొందరు "మా ఆయనతో మాట్లాడండి, నాకు ఏం చేయాలో చెబితే చాలు" అంటారు. రెండూ సరైన జవాబులే. ఆ నిర్ణయం ఆమెది కావాలన్నదే అసలు విషయం.

దాచడం వల్ల భయం తగ్గకపోగా పెరిగే సందర్భాలు ఎక్కువ. డాక్సోరుబిసిన్ అనే కీమో మందు ఎర్రగా ఉంటుంది. అది ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా రావచ్చు. ముందుగా చెప్పని మహిళ అది రక్తమనుకుని హడలిపోతుంది. ముందే తెలిసిన మహిళకు అది మందు రంగు మాత్రమే. జుట్టు రాలడం సాధారణంగా మొదటి కీమో తర్వాత రెండు మూడు వారాల్లో మొదలవుతుంది. ఆ సంగతి తెలిస్తే ముందుగానే జుట్టు పొట్టిగా కత్తిరించుకోవడం, విగ్గో స్కార్ఫో సిద్ధం చేసుకోవడం ఆమె చేతిలో ఉంటుంది. చికిత్స ముగిసిన కొన్ని నెలల్లో జుట్టు తిరిగి వస్తుందన్న మాట కూడా అప్పుడే చెప్పాలి.

పిల్లలకూ ఇదే సూత్రం. అమ్మకు ఏదో అయిందని వాళ్లకు తెలుస్తుంది. ఎవరూ చెప్పకపోతే తమ అల్లరి వల్లే వచ్చిందని చిన్న పిల్లలు అనుకునే ప్రమాదం ఉంది. వయసుకు తగ్గ మాటల్లో మూడు విషయాలు చెబితే చాలు: ఇది నీ వల్ల రాలేదు, ఇది నీకు అంటుకోదు, అమ్మ ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో నిన్ను అమ్మమ్మో నాన్నో చూసుకుంటారు.

అద్దం ముందు

రొమ్మును కోల్పోవడం ఒక అవయవాన్ని కోల్పోవడంతో ఆగదు. చీర కట్టుకునేటప్పుడు, రవిక కుట్టించుకునేటప్పుడు, పేరంటానికి పిలుపు వచ్చినప్పుడు, భర్త పక్కన పడుకున్నప్పుడు అది గుర్తుకొస్తూనే ఉంటుంది. "ప్రాణం దక్కింది కదా, ఇంకా దాని గురించి ఏడుపెందుకు" అనే మాట ఇక్కడ పనిచేయదు. ప్రాణం దక్కినందుకు సంతోషం, పోయినదాని గురించి దుఃఖం ఒకే మనసులో ఉండవచ్చు.

అందరికీ రొమ్ము మొత్తం తీయాల్సిన అవసరం లేదు. బెర్నార్డ్ ఫిషర్ బృందం అమెరికాలో నిర్వహించిన ప్రయోగంలో 1,851 మంది మహిళలను ఇరవై ఏళ్లు గమనించారు. గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినవారూ, రొమ్ము మొత్తం తీసినవారూ దాదాపు సమానంగా జీవించారని 2002లో వెల్లడైంది. గడ్డ పరిమాణం, దశ, రేడియేషన్ అందుబాటును బట్టి ఈ అవకాశం ఉందో లేదో ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ను అడగవచ్చు. రొమ్ము తీయక తప్పనప్పుడు పునర్నిర్మాణ ఆపరేషన్ గురించి అడగవచ్చు. ఆపరేషన్ వద్దనుకుంటే లోదుస్తుల్లో పెట్టుకునే సిలికాన్ అచ్చులు, నూలుతో అల్లిన తేలికపాటి అచ్చులు దొరుకుతాయి. ఇవేవీ వద్దనుకోవడం కూడా ఆమె ఇష్టమే.

మనసుకు ఏం చికిత్స?

మానసిక చికిత్స అంటే నిద్రమాత్రలే అనుకునేవారు ఎక్కువ. మొదట చేసేది మాటలతో చికిత్స. "రేపు స్కానింగ్‌లో ఏదో తేలుతుంది, ఇక అంతే" వంటి ఆలోచన మనసును ఎలా లాక్కుపోతుందో గుర్తించి, దాన్ని పక్కన నిలబెట్టి చూడటం నేర్పే పద్ధతులు ఉన్నాయి. ఇవి ఆందోళననూ, జబ్బు తిరగబెడుతుందన్న భయాన్నీ తగ్గిస్తాయని ప్రయోగాల్లో తేలింది.

శారీరక వ్యాయామం కూడా మనసుకు మందే. వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున చురుగ్గా నడవడం వంటి వ్యాయామం రెండు మూడు నెలలు చేస్తే అలసట, ఆందోళన, కుంగుబాటు తగ్గుతాయని 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. ఎంత చేయాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

అదే దారిలో నడిచిన మరో మహిళ మాటకు ఉన్న బలం వేరు. 1952లో న్యూయార్క్‌లో రొమ్ము ఆపరేషన్ జరిగిన టెరీస్ లాసర్ అనే మహిళ, తనలాంటి వారిని ఆసుపత్రికి వెళ్లి పలకరించడం మొదలుపెట్టారు. చేయి ఎలా కదపాలో, బట్టలు ఎలా వేసుకోవాలో చూపించేవారు. ఆ ప్రయత్నం తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. మన దేశంలోనూ పెద్ద నగరాల్లో చికిత్స పూర్తిచేసుకున్న మహిళల బృందాలు ఉన్నాయి. ఆసుపత్రిలోని సోషల్ వర్కర్‌ను అడిగితే వివరాలు చెబుతారు.

కొందరికి మందులు అవసరమవుతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. హార్మోన్ చికిత్సలో వాడే టమాక్సిఫెన్ కాలేయంలోని ఒక ఎంజైమ్ సాయంతో శక్తిమంతమైన రూపంలోకి మారుతుంది. పారాక్సెటిన్, ఫ్లూయాక్సెటిన్ వంటి కొన్ని డిప్రెషన్ మందులు ఆ ఎంజైమ్‌ను గట్టిగా అడ్డుకుంటాయి. ఇబ్బంది లేని ఇతర మందులు ఉన్నాయి. కాబట్టి మానసిక వైద్యుడికి క్యాన్సర్ మందుల చీటీ, క్యాన్సర్ వైద్యుడికి మానసిక వైద్యుడు రాసిన చీటీ చూపించాలి. భయపడి ఏ మందునూ సొంతంగా ఆపకూడదు.

చికిత్స అయిపోయాక

ఆఖరి కీమో, ఆఖరి రేడియేషన్ అయిన రోజు ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆమెకు మాత్రం చాలాసార్లు అప్పుడే అసలు భయం మొదలవుతుంది. అంతవరకు వారం వారం ఆసుపత్రి, నర్సులు, డాక్టర్లు చుట్టూ ఉన్నారు. ఇప్పుడు మూడు నెలల తర్వాత రమ్మన్నారు. నడుం నొప్పి వచ్చినా, దగ్గు వచ్చినా తిరిగి వచ్చిందేమో అనిపిస్తుంది. చెకప్ తేదీ దగ్గరపడుతుంటే నిద్ర పట్టదు. ఇది చాలామందిలో కనిపించే సహజమైన భయం. ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే రావాలో, వేటికి కొన్నాళ్లు ఆగి చూడవచ్చో డాక్టరుతో ఒక కాగితం మీద రాయించుకుంటే ప్రతి నొప్పీ పెద్ద భయంగా మారకుండా ఉంటుంది.

పక్కన ఉండి చూసుకునేవారికీ అలసట, భయం ఉంటాయి. ఆసుపత్రికీ ఉద్యోగానికీ మధ్య తిరిగే భర్త, పరీక్షలు వదిలి వంట చేస్తున్న కూతురు తమ బాధ చెప్పుకోవడం తప్పనుకుంటారు. వాళ్లకూ మాట్లాడే చోటు కావాలి.

ముంబైలోని టాటా మెమోరియల్ వంటి పెద్ద క్యాన్సర్ కేంద్రాల్లో మానసిక వైద్య సేవలు ఉన్నాయి. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగం ఉంది. ఆ వైద్యం ఆఖరి దశకే పరిమితమని అనుకోనక్కర్లేదు. నొప్పి, వాంతులు, ఆందోళన ఏ దశలో ఇబ్బంది పెట్టినా అడగవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. రోగితో పాటు ఆమెను చూసుకునేవారూ ఈ నంబరుకు ఫోన్ చేయవచ్చు. చాలామంది బాధకు మూలం డబ్బే కాబట్టి, ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ వంటి పథకాల కింద ఏమేమి వస్తాయో మొదటి వారంలోనే ఆసుపత్రిలో అడగడం మంచిది.

ఇక ఇంట్లోవాళ్లు ఏం చెప్పాలి? "ఏడవకు" అనే మాట నోటి దాకా వచ్చినప్పుడు కాసేపు ఆగి పక్కన కూర్చోవచ్చు. "దేని గురించి ఎక్కువ భయంగా ఉంది?" అని అడగవచ్చు. జవాబు క్యాన్సర్ గురించే అయి ఉంటుందని అనుకోవద్దు. చిన్నదాని ఫీజు ఎవరు కడతారనో, కుట్లు విప్పేటప్పుడు నొప్పెడుతుందేమోననో, మీరు నన్ను ముందులాగే చూస్తారా అనో అయి ఉండవచ్చు. వాటిలో చాలావాటికి ఇంట్లోనే జవాబు దొరుకుతుంది. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి. రేపటి కీమోకు తోడు వెళ్లండి.